గిడ్డంగి మిద్దె: మరమ్మతు చాలునా, మార్చవలెనా?

రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె ప్రవేశించు నాటికి విత్తనపు మూటలు, ఎరువుల బస్తాలు సంఘముల గిడ్డంగులకు చేరుచుండును. రబీ ధాన్యములో అమ్మగా మిగిలినదియు అక్కడనే ఉండును. సరిగా ఆ దినములలోనే తొలి వాన కురిసి, మిద్దె నుండి ఒక చుక్క బస్తాల మీద పడును. కార్యదర్శి తాపీమేస్త్రీని పిలిపించును. మేస్త్రీ పైకెక్కి చూచి, ఇంకొక పొర వేసిన సరిపోవుననును. పొర వేయుదురు. రెండేండ్లు గడచును. చుక్క మరల పడును, ఈసారి మరియొక చోట.

ఇట్లు పొరమీద పొర మోయుచున్న మిద్దెలు మన పల్లెలలో అరుదు కావు. జాతీయ సహకార అభివృద్ధి సంస్థ 1963లో ఏర్పడిన పిదప అనేక సంఘములు సొంత గిడ్డంగులు కట్టుకొన్నవి. పెద్దవాటికి రేకుల కప్పు వేసిరి. చిన్న గిడ్డంగులకు, వాటిని ఆనుకొని కట్టిన అంగళ్లకు, కార్యాలయములకు స్లాబులు పోసిరి. వాటిలో తొలినాటివి యాభై ఏండ్లు దాటినవి. సహకార సంఘములలో ధాన్యపు నిలువలు పెంచుటకు 2023లో కేంద్ర ప్రభుత్వము ఒక పెద్ద పథకమును ఆమోదించినది. కొత్త గిడ్డంగి ఎప్పుడు వచ్చినను, అంతవరకు సరకు ఉండునది పాత మిద్దె క్రిందనే.

పడినది చుక్కయే కావచ్చును. దాని క్రింద తడిసిన వేరుసెనగ కాయలలో బూజు పుట్టును. ఆ బూజులో కొన్ని జాతులు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. కాయలను వేయించినను అది పూర్తిగా పోదు. విత్తన ధాన్యము మొలకశక్తిని కోల్పోవును. యూరియా గడ్డకట్టును. సరకు నష్టము ఒక యెత్తు. మిట్టమధ్యాహ్నము హమాలీలు కునుకు తీయునదియు ఆ మిద్దె క్రిందనే. పెచ్చు ఊడినచో పడునది వారి మీద.

మిద్దెలో నీటిని ఆపు భాగము వేరు, బరువును మోయు భాగము వేరు. పైనున్న గచ్చు, పెంకులు, తారు, రంగు నీటిని ఆపును. కాంక్రీటు, అందులోని ఇనుప చువ్వలు, క్రింది దూలములు బరువును మోయును. నీటిని ఆపునది చెడినచో మరమ్మతు చాలును. బరువును మోయునది చెడినచో ఎంత ఖరీదైన పొర వేసినను ఆ సొమ్ము దండుగయే. చుక్క పడుటనుబట్టి ఏది చెడినదో తెలియదు. దానిని పరీక్షించి తెలిసికొనవలెను.

ముందు క్రిందినుండి

మిద్దెను పరీక్షించుట అనగా నిచ్చెన వేసి పైకెక్కుటయే అని అనేకుల భావన. నా అభిప్రాయములో సగము పని క్రిందనే ఉన్నది. బస్తాలను ప్రక్కకు జరిపించి, వెలుగు చాలనిచోట చేతిదీపము పట్టుకొని, గది నాలుగు మూలలు చూడవలెను. కాగితము మీద గది పటము గీసికొని కనబడిన ప్రతి మరకను, ప్రతి నెర్రెను అందులో గుర్తించి తేదీ వేయవలెను. మే నెలలో ఒకసారి, అక్టోబరు, నవంబరు వానలు వెలిసిన తరువాత మరియొకసారి చూచి, రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టినచో మేస్త్రీ మాటకంటె అవియే ఎక్కువ చెప్పును.

మరకల రంగును గమనించవలెను. తెల్లని పొడి పేరుకొన్నను, సన్నని తెల్లని కొసలు వ్రేలాడుచున్నను, నీరు స్లాబు గుండా దిగుచు సున్నమును కరగించి తెచ్చుచున్నదని అర్థము. ఇది పైపొర లోపము. అయితే ఏండ్ల తరబడి విడిచినచో కాంక్రీటు కూడ గుల్లబారును. నల్లని మరకలు బూజు. గాలి ఆడని గదిలో వాన లేకున్నను అవి వచ్చును; దానికి మిద్దెను తప్పుపట్టనక్కరలేదు, కిటికీలు తెరిచిన చాలును. తుప్పు రంగు మరక కనబడినచోట మాత్రము ఆగవలెను. లోపల ఇనుము పాడగుచున్నదని అది చెప్పుచున్నది.

నెర్రెలన్నియు ఒక జాతివి కావు. సాలెగూడు వలె అన్ని దిక్కులకు ప్రాకిన వెంట్రుక నెర్రెలు తరచుగా పూతలోనివే. స్లాబు గోడమీద కూర్చున్న చోట అడ్డముగా సాగు నెర్రె, పగటి ఎండకు స్లాబు పెరిగి రాత్రికి ముడుచుకొనుట వలన వచ్చినది కావచ్చును. అట్టిచోట గట్టి సిమెంటు పూసిన మరుసటి వేసవికే మరల విచ్చును. సాగుగుణము గల పదార్థముతో నింపవలెను. ఇక జానెడు జానెడు ఎడముగా, త్రాడు పట్టి గీసినట్లు సమానాంతరముగా పోవు నెర్రెలు అన్నిటికంటె చెడ్డవి. వాటి వెనుక చువ్వలున్నవి. తుప్పు ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటును ఆక్రమించును గనుక, ఉబ్బిన చువ్వ తన్ను కప్పిన కాంక్రీటును చీల్చుచున్నది.

నెర్రె పాతదై ఆగిపోయినదా, ఇంకను కదలుచున్నదా అని తెలిసికొనుటకు చవకైన ఉపాయమున్నది. సన్నని గాజు ముక్కను నెర్రెకు అడ్డముగా పెట్టి రెండు కొసలను సిమెంటు ముద్దతో అతికించి, దాని ప్రక్కన తేదీ వ్రాయవలెను. కొన్ని నెలలలో గాజు పగిలినచో నెర్రె బ్రతికియున్నది.

స్లాబు వంగినదేమో చూచుటకు దారము చాలును. ఎదురెదురు గోడల వద్ద, స్లాబు క్రిందిభాగమునకు రెండు కొసలలోను సమానమైన ఎడము విడిచి దారమును బిగించి లాగినచో, నడుమ స్లాబు ఎంత దిగినదో దారమే చూపును. భారతీయ ప్రమాణము ప్రకారము వంగుదల ఎడములో 250వ వంతును మించరాదు. అనగా 4 మీటర్ల ఎడమునకు 16 మిల్లీమీటర్లు. పోసిననాడే సెంట్రింగు క్రుంగి వంకరగా నిలిచిన స్లాబులును గలవు. అందుచేత ఒక్క కొలతను చూచి భయపడనక్కరలేదు. ఏటేట తీసిన కొలత పెరుగుచున్నచో మాత్రము భయపడవలసినదే.

ఇనుము మాట

మంచి కాంక్రీటుకు క్షారగుణము మిక్కిలి ఎక్కువ, పి.హెచ్. 12కు పైన ఉండును. ఆ క్షారములో ఇనుము తుప్పుపట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి కాంక్రీటులోనికి కొద్దికొద్దిగా చొచ్చుకొనిపోయి ఆ క్షారమును చంపును. అది చువ్వవరకు చేరిన నాడు ఇనుమునకు రక్షణ పోయినట్లే. ఆ తరువాత చెమ్మయు గాలియు తగిలిన చాలును. చువ్వ క్రింద కాంక్రీటు అంగుళమైనను లేకుండ, నీరు ఎక్కువ కలిపి పోసిన స్లాబులలో ఇది త్వరగా జరుగును.

దీనిని కంటితో చూడవచ్చును. ఉన్నత పాఠశాల రసాయన ప్రయోగశాలలో ఫినాఫ్తలీన్ ద్రావణముండును. స్లాబు క్రింద ఒకచోట ఉలితో కొట్టి, దుమ్ము ఊదివేసి, అప్పుడే పగిలిన ముఖము మీద ఆ ద్రావణమును చిలికించవలెను. క్షారమున్నంతమేర గులాబీ రంగు వచ్చును. రంగు రానిమేర క్షారము పోయినది. చువ్వ చుట్టును గులాబీ రంగున్నచో సంతోషము. చువ్వను దాటి లోపలవరకు రంగు రాకున్నచో ఆ స్లాబు కాలము దగ్గరపడినదని గ్రహించవలెను. ఇట్టి పరీక్ష మూడు నాలుగు చోట్ల చేయవలెను. అందులో ఒకటి ఏ మరకయు లేని, ఆరోగ్యముగా కనబడు చోటు కావలెను. చెడినచోటనే చూచినచో మిద్దె అంతయు చెడినదనిపించును. మంచిచోటనే చూచినచో దానికి విరుద్ధముగా తోచును.

సముద్రతీరపు గ్రామములకు ఒక హెచ్చరిక. ఉప్పునీటితో, ఉప్పు ఇసుకతో పోసిన స్లాబులో గులాబీ రంగు వచ్చినను ఇనుము తుప్పుపట్టవచ్చును, ఏలనన క్లోరైడు లవణములు ఆ రక్షణను లెక్కచేయవు. మన మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు కూడ క్లోరైడే. చినిగిన పొటాష్ బస్తాలను గోడకు, స్తంభమునకు ఆనించి సంవత్సరములు గడపిన గిడ్డంగిలో మిద్దెతోపాటు స్తంభముల పాదములను కూడ చూడవలెను.

పెచ్చు ఊడి చువ్వ బయటపడినచోట తీగల కుంచెతో తుప్పు రాల్చి, మిగిలిన మందమును కొలవవలెను. 10 మిల్లీమీటర్ల చువ్వ 8కి దిగినచో, పోయినది రెండు మిల్లీమీటర్లే గదా అందురు. చువ్వ బలము దాని అడ్డుకోత వైశాల్యమునుబట్టి యుండును. ఆ లెక్కన 100కు 64 వంతులే మిగిలినవి. మూడవ వంతుకు పైగా బలము పోయిన చువ్వ మీద రంగు పూసి, సిమెంటు మెత్తి కప్పివేయుట రోగిని దుప్పటితో కప్పినట్లుండును.

పైకెక్కిన తరువాత

క్రింద స్లాబు వంగియున్నను, పెచ్చులు విస్తారముగా ఊడియున్నను నడిమి భాగముమీద ఎవరును నడువరాదు. అది ఇంజనీరు వచ్చి ఆధారములు నిలిపిన తరువాతి పని. అట్టి భయము లేనప్పుడు, వాన వెలిసిన రెండవ దినమున ఎక్కుట మంచిది. 48 గంటలు గడచినను నీరు నిలిచియున్న మడుగుల చుట్టు సుద్దతో గీసికొనవలెను. నీరు ఎండినను నాచు మరక మడుగు ఎక్కడ నిలిచినదో చెప్పును.

క్రింద చుక్క పడుచోటికి నేరుగా పైన వెదకుట వలన ప్రయోజనము తక్కువ. నీరు ఒకచోట పొరలోనికి దిగి, గచ్చుకును స్లాబుకును నడుమ పల్లమునుబట్టి ప్రాకి, ఎక్కడనో సందు దొరికినచోట బయటపడును. అది దిగుచోట్లు సాధారణముగా మూడే: స్లాబును పిట్టగోడను కలుపు మూల, వాన గొట్టపు మూతి, తరువాత ఎవరో టాంకుకో దీపపు స్తంభమునకో తొలిచిన రంధ్రము. నడిమి గచ్చులో నెర్రె నాలుగవది. కాని డబ్బు ఖర్చు మాత్రము ముందుగా దానిమీదనే జరుగుచున్నది. పిట్టగోడ సందులో మొలచిన రావిమొక్కను కోసివేసిన చాలదు. వేరు తీసి ఆ సందును మరల కట్టవలెను.

చిన్న సుత్తితో అడుగుకొకచోట తట్టుచు పోవలెను. గట్టి ధ్వని వచ్చినచోట పొర అతుక్కొని యున్నది, డొల్ల ధ్వని వచ్చినచోట విడిపోయినది. డొల్లచోట్లు మొత్తము మిద్దెలో నాలుగవ వంతు లోపల ఉన్నచో అంతవరకే కోసి తిరిగి వేయవచ్చును. అంతకు మించినచో అతుకులు వేయుటకంటె ఆ పొరనంతయు పెకలించి కొత్తది వేయుటయే చవక అని నా అభిప్రాయము. ఏలనన ప్రతి అతుకు నాలుగు వైపుల నాలుగు కొత్త కీళ్లను పుట్టించును, నీరు వెదకునది కీళ్లనే.

వాన గొట్టముల లెక్క తప్పక చూడవలెను. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల మిద్దె ఉన్నదనుకొందము. 96 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో గంటలో 9,600 లీటర్ల నీరు దిగవలెను. అట్టి వానకు 100 మిల్లీమీటర్ల గొట్టమొకటి ఉజ్జాయింపుగా 40 చదరపు మీటర్ల మిద్దెను తేల్చగలదు. అనగా మూడు గొట్టములు కావలెను. ఉన్నవి రెండే, అందులో ఒకదానిలో పిట్ట గూడు పెట్టినది అయినచో మిద్దెను నిందించి ఏమి లాభము? ఇట్టిచోట మరమ్మతు అనగా ఒక గొట్టము, ఒక జాలీ, ఒక పూట పని.

పొరమీద పొర

అదే మిద్దెపై అయిదు సెంటీమీటర్ల నీరు నిలిచినదనుకొందము. చదరపు మీటరుకు 50 కిలోలు, మొత్తము 4,800 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 64 తెచ్చి మిద్దెమీద పరచినట్లు. ఇక ఇటుక ముక్కలు, సిమెంటుతో సగటున 8 సెంటీమీటర్ల కొత్త పొర వేసిరనుకొందము. చదరపు మీటరుకు సుమారు 150 కిలోల చొప్పున మొత్తము 14,400 కిలోలు. అవే బస్తాలు 192. నీరు ఒకనాటికి ఎండును, పొర ఎండదు.

మనుషులు ఎక్కి తిరుగు మిద్దెకు ఇంజనీర్లు మామూలుగా లెక్కలో వదలు అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. పాతదానిని తీయక వేసిన ఒక్క పొర ఆ వెసులుబాటునంతయు మ్రింగివేయును. రెండవ పొర వేసిననాడు స్లాబు తన ఇనుములోని మిగులు బలము మీద ఆధారపడి నిలిచియుండును. ఆ ఇనుము తుప్పుపట్టుచున్నదైన ఏమగునో చెప్పనక్కరలేదు. అందుచేత కొత్తపొర వేయుటకు ముందు పాతపొరను స్లాబు కనబడువరకు తీయవలెను. తీసిన చెత్తను అక్కడనే కుప్పపోయక వెంటనే దింపవలెను. తీయుటకు కూలి ఎక్కువగునని మేస్త్రీ చెప్పును. అది నిజమే, అయినను తీయవలెను.

పొర దేనితో వేయవలెనను ప్రశ్నకు ఇక్కడ ఎక్కువ చోటివ్వను. తారు పొరలు, రబ్బరు వంటి ద్రవపు పూతలు, ఇటుక గచ్చు అన్నియు పనిచేయును, 100కు 1 చొప్పున వాలు ఉండి, మూలలు గుండ్రముగా తీర్చి, పొరను పిట్టగోడ మీదికి జానెడెత్తు ఎక్కించినచో. అవి లేనిచో ఏదియు పనిచేయదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో శీతల కప్పుల విధానమును ప్రకటించిన పిదప మిద్దెలకు తెల్ల రంగు వేయుటను గూర్చి పల్లెలలోను వినుచున్నాము. లోపల వేడి తగ్గును, సరకుకు మంచిదే. అయితే పరీక్షకు ముందే తెల్ల రంగు వేసినచో నెర్రెలన్నియు మాసిపోయి చూచుటకు ఏమియు మిగులదు.

చౌడు మిద్దె, సున్నపు మిద్దె

రాయలసీమలో దూలములు, దంతెల మీద రాతిబండలు పరచి చౌడుమట్టి కప్పిన మిద్దెలు కొన్ని ఇప్పటికిని ధాన్యమును కాపాడుచున్నవి. పొలములో చౌడు మనకు శత్రువు. అందులోని సోడియము మట్టి కణములను విడదీసి రంధ్రములను మూసివేయును, నీరు ఇంకదు. అందుకే జిప్సము వేసి సోడియమును వెళ్లగొట్టుదుము. మిద్దెమీద ఆ దుర్గుణమే గుణమైనది. అయితే పాతమట్టిని గీసివేయక ఏటేట కొత్తమట్టి పోయుచు పోయినచో మందము జానెడు దాటును, చదరపు మీటరుకు 300 కిలోలు మించును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు అనంతపురము వంటి చోట అలవాటైన మిద్దె, 2021 నవంబరు నాటి వంటి ముసురుకు నిండ నానినచో బరువు ఇంకను హెచ్చును. ఇట్టి మిద్దెలలో చూడవలసినది దూలపు కొసలు. గోడలో దూరిన భాగము చెమ్మకు, చెదలకు మొదట పాడగును, నడుమ చూచిన చేవగానే ఉండును. సన్నని ఉలిని కొసవద్ద గ్రుచ్చి చూడవలెను. వ్రేలెడు లోతు సులువుగా దిగినచో ఆ దూలమును మార్చవలెను. ఒకటి రెండు దూలములైనచో మిద్దెనంతయు దింపనక్కరలేదు.

కోస్తా పట్టణములలోని పాత అంగళ్లకు, కొట్లకు మద్రాసు టెర్రసు అను మిద్దె ఉండును: టేకు దూలముల మీద సన్న ఇటుకలను అంచుమీద నిలిపి సున్నముతో పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నపు గచ్చు దంచి, పలుచని పెంకులు పరచినది. దీనికి సిమెంటు మరమ్మతు చేయరాదు. సున్నము చెమ్మను పీల్చి మరల విడుచును. పైన సిమెంటు కప్పినచో లోపలి చెమ్మ బయటికి పోలేక దూలములకు పట్టును. సున్నము దంచు పనివారు దొరకుట కష్టమన్నది నిజమే. దొరికినచోట పని వారికే అప్పగించవలెను.

తీర్మానము

స్లాబు సంగతికి వత్తము. నీరు దిగుచున్నను ఇనుము తిన్నగా ఉండి, వంగుదల లేక, ఫినాఫ్తలీన్ పరీక్షలో చువ్వ చుట్టును రంగు వచ్చినచో మరమ్మతు చాలును; ఎంత వికారముగా కనబడినను దానిని కూల్చుట సంఘపు సొమ్మును నేలపాలు చేయుటయే. చువ్వలు అక్కడక్కడ మాత్రమే తుప్పుపట్టి మందము తగ్గకున్నచో, గుల్ల కాంక్రీటును చువ్వ వెనుకవరకు తీసి, తుప్పు రాల్చి, మరల మెత్తించవచ్చును. అది కూడ మరమ్మతే, కాని ఇంజనీరు ఎదుట జరుగవలసినది. అనేకచోట్ల చువ్వలు సన్నగిల్లి, వంగుదల ఏటేట పెరుగుచు, పెచ్చులు ఒకచోట మెత్తిన మరియొకచోట ఊడుచున్నచో మార్చవలసినదే. ఈ రెండింటి నడుమ ఎటును తేలని మిద్దెలు ఉండును. అట్టివాటికి పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవారిని వ్రాతపూర్వకముగా కోరి, ఈ పటమును, కొలతలను వారి చేతికివ్వవలెను. చేతిలో రెండేండ్ల కొలతలున్న అర్జీకి విలువ వేరు.

మార్చుటకు నిశ్చయించినచో ముందు సరకును తరలించి, గదికి తాళమువేసి, హమాలీలను ఆ నీడకు రానీయరాదు. స్లాబు కూల్చుట ఫిబ్రవరిలోనే మొదలుపెట్టవలెను. కొత్త స్లాబునకు 4.5 మీటర్లలోపు ఎడమైనచో ఏడు దినములు, మించినచో 14 దినములు క్రింది ఆధారములు తీయరాదు. ఇప్పుడు దొరకు మిశ్రమ సిమెంటుకు పది దినములకు తక్కువ కాకుండ నీరు కట్టవలెను. తరువాత వాలు గచ్చు, మూలలు, గొట్టములు. ఇవన్నియు ముగిసినను కొత్త కాంక్రీటు కొన్ని వారములు చెమ్మ వదలుచుండును గనుక వెంటనే ధాన్యము చేర్చరాదు. కిటికీలు తెరిచియుంచి, మే నెల ఎండలలో గది బాగుగా ఆరిన పిదప, నేలమీద చెక్కలు పరచి, గోడకు మూరెడెడము విడిచి మొదటి వరుస బస్తాలు పేర్చవలెను.